తోడునాడి

నాలుగు గంటలు ముట్టుకోకుండా వదిలేస్తే చాలు, సముద్రం మీద గడ్డకట్టిన మంచులో కోసిన గొయ్యి మీద మళ్ళీ వేలెడు మందాన పొర కట్టేస్తుంది. ఆ పొరను గునపంతో పగలగొట్టి, ముక్కలను పొడుగాటి కాడ ఉన్న చిల్లుల గరిటెతో తోడి అవతల పారబోయడంతో పొద్దున్నే నూకరత్నం రోజు మొదలయ్యేది. పొద్దున్నే అనడం అలవాటు కొద్దీ అనే మాట. అంటార్కిటికాలో డిసెంబరు నెలంతా సూర్యుడు అస్తమించడు. గడియారం పొద్దున్న అంటే పొద్దున్న, పడుకోమంటే పడుకోవడం.

అది 2076. హిమనాభి పరిశోధనా కేంద్రంలో ఆ వేసవికి పంతొమ్మిది మంది ఉన్నారు. అందులో గజ ఈతగాళ్ళు ఇద్దరే. ఒకరు ఇందుశేఖర్, సముద్రజీవుల శాస్త్రవేత్త, నరసరావుపేట వాడు. రెండోవాడు స్టాన్జిన్, లడఖ్ వాడు. హిమనాభిలో రెండు శీతకాలాలు గడిపి తెలుగు నేర్చేసుకున్నాడు. వాళ్ళు నీళ్ళలోకి దిగేటప్పుడు పైన తాడు పట్టుకుని కూర్చునే మనిషి నూకరత్నం. వయసు నలభై ఆరు. విశాఖ హార్బరులో ఓడల అడుగున పట్టిన నత్తగుల్లలు గీకే ఈతగాళ్ళకు పదకొండేళ్ళు గాలి గొట్టాలు అందించింది. గొట్టంలో బుడగల చప్పుడు విని, కిందవాడు అలిసిపోయాడో, భయపడ్డాడో చెప్పగలదని ఆమెకు పేరు. ఆ పేరే ఆమెను ఇంత దూరం తీసుకొచ్చింది.

పని తరిగేది కాదు. గొయ్యి మీద నిలబెట్టిన చెక్కగదిలో హీటరు వెలిగించాలి. ఈత దుస్తుల జిప్పులకు మైనం రాయాలి. పైకొచ్చాక ఆ దుస్తులను మంచినీళ్ళతో కడగాలి. మంచినీళ్ళంటే పారతో మంచు ఎత్తి కరిగించుకున్నవే, దుస్తుకు రెండు బకెట్లు. చేతి తొడుగులు తిరగేసి ఆరబెట్టాలి. ఇవన్నీ ఒక ఎత్తు, తోడునాడి ఒక ఎత్తు.

నీళ్ళ కింద ఉన్న మనిషికి వచ్చే అసలు చిక్కు ఏమిటంటే, తనకు ప్రమాదం వచ్చిందన్న సంగతి అందరికంటే ఆఖరున తెలిసేది అతనికే. చలికి వేళ్ళు మొద్దుబారితే ఆ మొద్దుబారడం తెలియదు. వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు దుస్తులో పేరుకుంటే ముందు మబ్బుపట్టేది బుద్ధి. ఫోనులో అడిగితే "బాగానే ఉన్నాను" అంటాడు. నిజంగానే అలా అనుకుంటూ అంటాడు. అంటూనే మునిగిపోతాడు.

తోడునాడి దీనికి విరుగుడు. ఈతగాడి లోదుస్తుల్లో బియ్యపు గింజంత సెన్సర్లు నాలుగు వందలు ఉంటాయి. అతని ఊపిరి, గుండె, కండరాల బిగువు, చర్మం మీది చలి, అన్నిటినీ అవి చదివి, నడుముకు కట్టిన ప్రాణతంతువు గుండా పైకి పంపుతాయి. ప్రాణతంతువు అంటే బొటనవేలు లావు తాడు. దాని లోపల దుస్తును వెచ్చగా ఉంచే కరెంటు తీగ, ఫోను తీగ, నట్టనడుమ వెంట్రుకంత గాజుపోగు. పైన కూర్చున్న మనిషి ఛాతీకి ఒక పట్టీ చుట్టుకుంటుంది. ఆ పట్టీ నరాలను మీటి, కింద అతను పడుతున్నదంతా ఆమె ఒంట్లో పుట్టిస్తుంది. అతని ఎడమచేయి చల్లబడితే ఆమె ఎడమచేయి చల్లబడుతుంది. అతనికి ఊపిరి బరువైతే ఆమెకు బరువవుతుంది. మామూలుగా అయితే అందులో మూడో వంతే తెలుస్తుంది. ప్రమాదం పెరిగేకొద్దీ 'ప్రహరి', అంటే ఆ గదిలోని కంప్యూటరు, ఆ వంతు పెంచుకుంటూ పోతుంది, పైనున్న మనిషి ఏమరకుండా.

ఇంజనీర్లు చివర్లో ఇంకొకటి చేర్చారు. పై మనిషి గుండెచప్పుడు ఈతగాడి మెడపట్టీలో సన్నగా, వేలితో తట్టినట్టు వినబడుతుంది. దానితో సాంకేతికంగా ఒరిగేది ఏమీ లేదు. కానీ మంచు కింద చీకట్లో తిరిగేవాళ్ళకు అన్నిటికంటే నచ్చింది అదే.

"నీ గుండె లోపల ఒక చిన్న తడబాటు ఉందక్కా," అని మొదటి రోజే చెప్పాడు ఇందుశేఖర్. "ప్రతి పదిహేను దెబ్బలకీ ఒకటి దాటేస్తది. ఎక్కడున్నా గుర్తుపడతా."

"డాక్టరుకి సెప్పకు బాబూ. ఇంటికి పంపీగలరు," అంది నూకరత్నం.

డిసెంబరు పదిహేడున ఇందుశేఖర్ దిగింది గాజు స్పంజికలు అనే సముద్రజీవుల తోట దగ్గరికి. గొయ్యికి అరవై మీటర్ల దూరంలో, ఇరవై ఎనిమిది మీటర్ల లోతున ఆ తోట ఉంది. ఒక్కో స్పంజిక మనిషంత ఎత్తు, కొన్ని నాలుగైదు వందల ఏళ్ళవి. వెచ్చబడుతున్న నీళ్ళకు అవి ఎలా చనిపోతున్నాయో రాసిపెట్టే పరికరాలు తొమ్మిది అక్కడ అమర్చాడు. పది రోజుల్లో ఆ మంచు విరిగిపోతుంది, ఆలోగా వాటిని పైకి తేవాలి. ఏడు వచ్చాయి. ఇంకా రెండు.

పది గంటల పది నిమిషాలకు దిగాడు. స్టాన్జిన్ కూడా ఈత దుస్తులు వేసుకుని, కాళ్ళు గోతిలో వేలాడేసి, అవసరమైతే దిగడానికి కూర్చున్నాడు. నూకరత్నం పట్టీ బిగించుకుని తాడు వదులుతోంది. ఆమె ఒంట్లో రెండు ఊపిరులు నడుస్తున్నాయి. రెండేళ్ళ అలవాటు మీద ఏది తనదో ఏది అతనిదో వెతుక్కోనక్కర్లేదు.

"ఒకటి దొరికిందక్కా," అన్నాడు ఫోనులో. "రెండోది ఇసకలో కూరుకుపోయింది."

"కుడి మోకాలు రాయికి నొక్కుకుంటంది, సూసుకో."

"నీకు నొప్పిగా ఉందా?"

"నీది కదా బాబూ, మూడో వంతే."

అతను నవ్వాడు. పది గంటల నలభై ఏడు నిమిషాలకు గది నేల కదిలింది.

ఎక్కడో మైళ్ళ దూరంలో హిమానీనదం నుంచి కొండంత ముక్క విరిగి సముద్రంలో పడింది. దాని అల మంచుపలక అడుగు నుంచి వచ్చింది. గోతిలో నీళ్ళు మనిషెత్తు లేచి గదిలోకి దూకాయి. హీటరు బుస్సుమంది, ఆరలేదు. ఒడ్డు వెంబడి ఉన్న పాత పగులు దగ్గర మంచు నలిగి, బండలు బండలుగా కిందికి కూలింది. నూకరత్నం చేతిలో తాడు ఒక్కసారి గట్టిగా గుంజుకుని, ఇనుప కడ్డీలా బిగిసిపోయింది. ఫోను చచ్చింది.

"ప్రాణతంతువు నలభై రెండు మీటర్ల దగ్గర ఇరుక్కుంది," అంది ప్రహరి. "కరెంటు లేదు. ఫోను లేదు. తోడునాడి పనిచేస్తోంది."

గాజుపోగు ఒక్కటే తెగలేదు.

అతను బతికే ఉన్నాడు. అది ఆమెకు ఛాతీలో తెలుస్తోంది. గుండె గబగబా కొట్టుకుంటోంది, కానీ గట్టిగానే. తరవాత కుడి మణికట్టు మీద కత్తితో గీసినట్టు చలి. దుస్తు చిరిగింది. సున్నాకు రెండు డిగ్రీలు కిందనున్న నీళ్ళు మోచేతి దాకా, భుజం దాకా పాకాయి. వెచ్చదనం ఇచ్చే తీగ తెగిపోయింది గనక ఆ చలిని ఆపేది ఏదీ లేదు.

"దిగు స్టాన్జిన్," అంది.

స్టాన్జిన్ అప్పటికే దిగాడు. అతని తాడును మరచక్రం వదులుతోంది. కేంద్రం అధిపతి డాక్టర్ సయీదాకు ప్రహరి కబురు పంపింది. రెండు కిలోమీటర్ల దూరం నుంచి స్నో స్కూటరు మీద ఆమె రావడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. గదిలో నూకరత్నం ఒక్కతే మిగిలింది.

"నియమం ప్రకారం ఇందుశేఖర్ తాడు కోసుకోకూడదు," అంది ప్రహరి. "రెండో ఈతగాడు తాడు వెంట వచ్చేదాకా ఉన్నచోటే ఉండాలి. తాడు కోసుకుంటే దారి తెలియదు."

"నాకు తెల్దేటి!" అని అరిచింది.

నాలుగు నిమిషాలకు స్టాన్జిన్ గొంతు వినబడింది. "అక్కా, బండలు గోడలా పడ్డాయి. తాడు వాటి మధ్యలోకి పోయింది. నేను దూరలేను. చుట్టూ తిరిగి వెళ్ళాలి. కుడికా, ఎడమకా?"

నూకరత్నం కళ్ళు మూసుకుంది. ఇందుశేఖర్ ఎడమ చెంపకు నీటి ఒరవడి తగులుతోంది. కుడి భుజం ఏదో గరుకుదానికి ఆని ఉంది. ఒరవడి ఎప్పుడూ ఒడ్డు వైపు నుంచే వస్తుంది.

"కుడికి ఎల్లు. బండలకి ఆనుకుని ఉన్నాడు. ఒడ్డు ఎడంపక్కన పెట్టుకుని తిరుగు."

"సరే. బండలు ఇంకా కదులుతున్నాయి. టైం పడుతుంది."

"ఎంత?"



అంతలో అసలుది మొదలైంది. ఊపిరిని శుభ్రం చేసే రసాయనపు డబ్బా ఈతగాడి వీపున ఉంటుంది. చలికి అది పనిచేయడం తగ్గిపోతుంది. వదిలిన గాలే మళ్ళీ లోపలికి వస్తుంది. ఇందుశేఖర్‌కు ఊపిరాడటం లేదు. ప్రహరి నియమం ప్రకారం వంతు పెంచింది. సగం చేసింది. ముప్పాతిక చేసింది. "ప్రమాద స్థాయి నాలుగు. పూర్తి వంతు ఇస్తున్నాను," అంది చివరికి.

నూకరత్నం నోరు తెరిచింది. గది నిండా గాలి ఉంది. అది ఆమెకు అందలేదు. పక్కటెముకలు లోపలికి పీక్కుపోయాయి. ఒకసారి పీల్చింది, రెండోసారి పీల్చింది, ఎంత పీల్చినా ఆ పీల్పు ఎక్కడికీ చేరడం లేదు. కణతల్లో రక్తం ఢాం ఢాం మంది. కుడిచేయి భుజం దాకా లేనట్టయింది. నేల మీద మోకాళ్ళ మీద పడింది. ఇది తనది కాదు, అతనిది, అనుకుంది. అనుకున్నా తగ్గలేదు. తగ్గుతుందా? తల్లి కడుపులోంచి పడ్డప్పటి నుంచి ఆడుతున్న ఊపిరి ఆగిపోతుంటే అది ఎవరిదని ఒళ్ళు అడగదు.

తరవాత అంతకంటే భయంకరమైనది వచ్చింది. అతని గుండె నెమ్మదించింది. బిగుసుకున్న కండరాలు ఒక్కొక్కటే వదులయ్యాయి. కింద అతను పెనుగులాడటం మానేస్తున్నాడు. ఊపిరాడని బాధ అలాగే ఉంది, దాని మీద మత్తులాంటి మెత్తదనం కమ్ముతోంది. ఆ మెత్తదనం ఆమెను కూడా లాగింది. చచ్చిపోతున్నాను, అనుకుంది నూకరత్నం. ఇద్దరం చచ్చిపోతున్నాం.

ఆమె ఎడమచేయి పట్టీ కొక్కెం మీదికి వెళ్ళి, లాగేసింది.

గాలి వచ్చింది. గుండెల నిండా, కడుపు నిండా వచ్చింది. కిరోసిను వాసన, తడిచెక్క వాసన, ఉప్పు వాసన కలిసిన ఆ గాలి పంచదారలా ఉంది. ఆమె నేల మీద వెల్లకిలా పడుకుని దాన్ని తాగింది. ఇంకేమీ ఆలోచించలేదు.

"ఛాతీపట్టీ తొలగింది," అంది ప్రహరి. "దయచేసి ధరించండి."

ధరించలేదు.

"ఛాతీపట్టీ తొలగి ముప్పై సెకన్లు. ఈతగాడికి మీ నాడి అందడం లేదు. దయచేసి ధరించండి."

పట్టీ పక్కనే, చేతికందే దూరంలో పడి ఉంది. ఆమె దానివైపు చూసింది. లేచి కూర్చుంది. గోతిలో నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి. అరవై సెకన్లని చెప్పింది ప్రహరి. తొంభై అని చెప్పింది. అప్పుడు చేయి చాపి, పట్టీని ఛాతీకి చుట్టుకుని, కొక్కెం తగిలించింది.

ఏమీ లేదు. చలి లేదు, నొప్పి లేదు, ఊపిరి లేదు. తన గుండె ఒక్కటే కొట్టుకుంటోంది.

డాక్టర్ సయీదా తలుపు తోసుకుని వచ్చేసరికి నూకరత్నం రెండు చేతులా తాడు పట్టుకుని లాగుతోంది. లాగినా రానిదాన్ని లాగుతూ, నోటికి వచ్చిన దేవుళ్ళందరినీ తిడుతోంది. సయీదా అడగలేదు, ప్రహరి తెర వైపు చూసింది. తెర మీద గీత సాపుగా ఉంది. 

స్టాన్జిన్ ఒంటరిగా పైకి వచ్చాడు. ముఖానికున్న అద్దం తీసేసి, "తాడు కోసి ఉంది," అన్నాడు. "కొస మాత్రమే దొరికింది. మనిషి లేడు."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మంచు కింద తాడు కోసుకున్నవాడు ఎటు పోతాడు? మూడు దిక్కులా మైళ్ళ కొద్దీ మంచు కప్పే ఉంది. స్టాన్జిన్ సిలిండరు మార్చుకుని మళ్ళీ దిగుతానన్నాడు. ఆ బండల్లోకి ఇంకొకణ్ణి పంపలేనని సయీదా అంది. పంపకపోతే తనకు తానే దిగుతానని అతను అరిచాడు. నూకరత్నం మూలన కూర్చుని పట్టీ మీద అరచెయ్యి పెట్టుకుని ఉంది.

అప్పుడు బయటి నుంచి కేకలు వినబడ్డాయి. గణపతి పాత్రో, కేంద్రంలో వంటమనిషి, ఇచ్ఛాపురం వాడు. అల వచ్చిందని విని, ఫ్లాస్కులో టీ పోసుకుని మంచు మీద నడిచి వస్తున్నాడు. దారిలో సీల్ జంతువులు ఊపిరి పీల్చుకోవడానికి పళ్ళతో కొరికి తెరిచి ఉంచుకునే బిలం ఒకటి ఉంది, మనిషి భుజాలంత వెడల్పు. ఆ బిలంలో ఒక తల కనబడింది. సీల్ అనుకున్నాడు. దగ్గరికి వెళితే దానికి పసుపుపచ్చ టోపీ ఉంది.

నలుగురూ కలిసి లాగారు. ఇందుశేఖర్ ఒళ్ళు దుంగలా ఉంది. పెదాలు నేరేడుపండు రంగు. కుడిచేతిలో కత్తి అలాగే బిగుసుకుపోయి ఉంది. వేళ్ళు విప్పబోతే విడలేదు. కళ్ళు తెరిచి నూకరత్నాన్ని చూశాడు. ఏదో అనబోయాడు. నోరు కదలలేదు.

కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. నాలుగో రోజుకు మాట వచ్చింది.

వైద్యుల గదిలో అతని మంచం పక్కన నూకరత్నం నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాకు మత్తుగా ఉంది అక్కా," అన్నాడు మెల్లగా. "ఊపిరాడకపోవడం కూడా కొంచెం సేపటికి అలవాటైపోయింది. మెడ దగ్గర నీ గుండె కొట్టుకుంటూనే ఉంది. సర్లే, ఒక్కణ్ణే లేనుగా, అక్క ఉందిగా అనిపించింది. నిద్రపోదామనిపించింది. హాయిగా ఉంది, నిజంగా. అప్పుడు అది ఆగిపోయింది."

నూకరత్నం మంచం కడ్డీ పట్టుకుంది.

"ఎంత కోపం వచ్చిందనుకున్నావ్! అంత కోపం నాకు పుట్టి బుద్ధెరిగి రాలేదు. ఈవిడ కూడా పోయిందా, నన్నిక్కడ వదిలేసి అక్కడ గాలి పీల్చుకుంటోందా, పైకెళ్ళి చెంపమీద కొట్టాలి అనిపించింది. ఇంకేం గుర్తులేదు. తాడు కోశాను. ఎక్కడో కొంచెం వెలుతురు కనబడితే అటు పోయాను. కొట్టడానికే వచ్చానక్కా పైకి." నవ్వాడు, కానీ ఆ నవ్వు కళ్ళలోకి రాలేదు.

ఆ సాయంత్రమే ఆమె సయీదా గదికి వెళ్ళింది.

"మేడమ్, నాను పట్టీ తీసీసినాను."

"తెలుసు రత్నంగారూ. తొంభై రెండు సెకన్లు. ప్రహరి రాసుకుంది." సయీదా తల ఎత్తలేదు. "తలుపు వేయండి."

నూకరత్నం తలుపు వేసింది.

"నేను రిపోర్టులో అలా రాయలేదు. మంచు ఒత్తిడికి గాజుపోగు నలిగి సంకేతం ఆగిందని రాశాను."

"ఎందుకండీ? నా తప్పు నాకుండనీండి."

సయీదా తెర తిప్పి చూపించింది. తోడునాడి వచ్చిన ఆరేళ్ళలో, రకరకాల దేశాల కేంద్రాల్లో తొమ్మిది మంది ఈతగాళ్ళు మంచు కింద చనిపోయారు. బయటివాళ్ళకు ఇవ్వని కాగితాలు అవి. ఇందుశేఖర్ ప్రమాదం తరవాత అధిపతి హోదాలో ఆమె అడిగి తెప్పించుకుంది. ఒక్కోదాని ఎదుట ఒక అంకె. నలభై సెకన్లు. రెండు నిమిషాలు. నాలుగు నిమిషాల పది.

"తొమ్మిదింటిలోనూ," అంది సయీదా. "పైన కూర్చున్నవాళ్ళు ఒక్కరు కూడా పట్టీని చివరిదాకా ఉంచుకోలేదు. అందులో ఒకాయన తన సొంత కొడుకు తాడు పట్టుకున్నాడు. ఎదుటివాడి నొప్పి ఉన్నదున్నట్టు తెలిస్తే మనిషి వాణ్ణి వదిలిపెట్టడని అనుకున్నారు దీన్ని చేసినవాళ్ళు. ఉన్నదున్నట్టు తెలిసినప్పుడే వదిలేస్తున్నాం. ఇది బయటికి పొక్కితే రేపటి నుంచి ఏ ఈతగాడూ దిగడు."

"పొక్కకపోతే?"

"దిగుతారు." సయీదా తెర ఆపేసింది. "వెళ్ళండి. గొయ్యి మూసుకుపోతుంది."

నెలరోజులు తిరగకుండా తయారీదారుల నుంచి అన్ని కేంద్రాలకూ కొత్త వెర్షను వచ్చింది. ఇందుశేఖర్ దుస్తులోని రికార్డరును వాళ్ళు చదివారు. మెడ దగ్గర నాడి ఆగిన పది సెకన్లలో అతని కండరాల బలం మూడింతలైనట్టు కనబడింది. కనక ఇకమీద ఈతగాడు స్పృహ తప్పబోతున్నాడని తెలిస్తే ప్రహరే ఆ నాడిని తెంచేస్తుంది. దానికి 'ఒంటరి కుదుపు' అని పేరు పెట్టారు. ప్రాణాలు కాపాడే గొప్ప మెరుగుదల అని ప్రకటనలో ఉంది. మెడ దగ్గర చప్పుడు ఆగిపోతే, ఆపింది యంత్రమా, పైనున్న మనిషా అన్నది కిందవాడికి తెలిసే దారి ఇక లేదు. ఆ సంగతి ప్రకటనలో లేదు.

వాతావరణం తేరుకుని ఇందుశేఖర్‌ను తీసుకెళ్ళడానికి విమానం వచ్చే రోజున అతనే నూకరత్నాన్ని పిలిపించాడు. మంచం మీద కూర్చుని ఉన్నాడు. రిపోర్టు చదివాడు. ముఖం తేటగా ఉంది.

"క్షమించక్కా," అన్నాడు. "గాజుపోగు నలిగిందట. నేనేమో నువ్వు వదిలేశావనుకుని ఇన్ని రోజులూ లోపల్లోపల నిన్ను తిట్టుకుంటూ ఉన్నా. నువ్వు పైన నా బాధంతా పడుతూనే ఉన్నావు, పాపం. వచ్చే ఏడు మళ్ళీ వస్తా. రెండు వేళ్ళతో కత్తి పట్టడం నేర్చుకుంటా. తాడు మాత్రం నువ్వే పట్టుకోవాలి."

ఊరుకుంటే సరిపోయేది. సయీదా ఊరుకోమంది. రిపోర్టు కూడా నూకరత్నం వైపే ఉంది.

"పోగు నలగలేదు బాబూ," అంది నూకరత్నం. "నానే తీసీసినాను. తట్టుకోలేకపోనాను. ఒకటిన్నర నిమిషం తీసీసి, మళ్ళీ పెట్టుకున్నాను."

అతని ముఖంలోని తేట మెల్లగా ఇంకిపోయింది. కట్టు కట్టిన చేతివైపు చూసుకున్నాడు.

"ఎందుకు చెప్పావు?" అన్నాడు. "చెప్పకపోతే నేను మళ్ళీ దిగేవాణ్ణి. ఇప్పుడు ఎవరు పట్టుకుంటే దిగాలి?"

 బయట విమానం చప్పుడు దగ్గరైంది. ఎవరో నడవలో పరిగెత్తారు.

"సరే, తీసేశావు," అన్నాడు ఇందుశేఖర్. "ఊపిరాడక తీసేశావు. అది నాకు అర్థమవుతుంది, ఆ ఊపిరి నాదే కాబట్టి. మళ్ళీ ఎందుకు పెట్టుకున్నావు?"

నూకరత్నం ఈ ప్రశ్న ఎవరూ అడగరనుకుంది. అతని కళ్ళలో ఆశ ఉంది. జాలేసి అనో, నీ కోసం అనో చెబితే, దాన్ని పట్టుకుని అతను ఇంటికి వెళ్ళిపోయేలా ఉన్నాడు. 

"అప్పటికి సచ్చిపోయుంటావనుకున్నాను," అంది. "సచ్చిపోతే మరి నొప్పుండదు కదా అని పెట్టుకున్నాను."

 ఇందుశేఖర్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"వెళ్ళక్కా," అన్నాడు.

స్టాన్జిన్, పాత్రో, విమానం తాలూకు మనిషి ఒకతను స్ట్రెచరు తెచ్చారు. మంచు మీద ఎత్తుకుపోవడానికి నలుగురు కావాలి. నాలుగో మనిషి కోసం పాత్రో అటూ ఇటూ చూశాడు. నూకరత్నం వంగి తలవైపు మూల పట్టుకుంది, అతనికి తన ముఖం కనబడని చోట. లేచిన బరువు ఆమె భుజానికి తగిలింది. విమానం దాకా నాలుగు వందల అడుగులు.